చచ్చినవాటి లెక్క సరే, పుట్టనివాటి లెక్క ఎవరు రాస్తారు?

పోయిన నెల ఒక సెలవు రోజున బనియాస్‌లో మా గదిలో నలుగురం కూర్చుని అన్నం తింటుంటే, మెట్‌పల్లి నుంచి వచ్చిన తమ్ముడొకడు నన్ను నిలదీశాడు. "అన్నా, మొన్నటి దాకా ఏజెంట్ల మోసాల మీద, జీతం బకాయిల మీద రాసినవ్. మంచిగుండె. ఇప్పుడేందే, పగడాలంటున్నవ్, సముద్రమంటున్నవ్? ఎండకు మన పోరగాళ్ళు కూలబడిపోతుంటే నీకు నీళ్ళల్ల రాళ్ళు యాదికొచ్చినయా?"

అడగవలసిన మాటే. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేక పెరుగన్నం కలుపుకున్నాను. ఇది చదివేవారిలో సగం మందికి ఇదే అనుమానం వస్తుందని తెలుసు కాబట్టి ఇక్కడ వివరంగా చెబుతాను. ఈ దేశంలో ఉంటూ రాస్తున్నవాణ్ణి. ఎంతవరకు రాయవచ్చో అంతవరకే రాస్తాను, కానీ రాసినంతమేరకు నిజం రాస్తాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మనవాళ్ళకు పగడం అంటే కుజదోషానికి పెట్టుకునే ఉంగరం, మంగళసూత్రం పక్కన గుచ్చుకునే ఎర్రపూస. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి. నేను మాట్లాడేది ఇక్కడ తీరానికి దగ్గరలో, కొద్ది మీటర్ల లోతులో దిబ్బలుగా పెరిగే రాతి పగడాల గురించి. సాదియాత్ దగ్గర ఉన్నాయి, అబుధాబి దుబాయిల మధ్య రస్ గనాదా దగ్గర ఉన్నాయి. ఇవి నగలకు పనికిరావు. కానీ చేపలు దాక్కోవడానికి, పిల్లలు పెట్టడానికి పనికొస్తాయి. మనం పండగకు కొనుక్కునే హమ్మూర్ చేప వెనక ఈ దిబ్బలున్నాయి.

మనముంటున్న ఈ ఊరికి బనీ యాస్ తెగ పేరే పెట్టారు. వాళ్ళ తాతలు ముక్కుకు క్లిప్పు బిగించుకుని ఈ సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాళ్ళు. గల్ఫ్ ముత్యాలే బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి 'బస్రా ముత్యాలు' అయ్యాయి. 1930లలో జపాను సాగు ముత్యాలూ ప్రపంచ మాంద్యమూ కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. తర్వాత చమురు. 1962లో దాస్ దీవి నుంచి మొదటి ఓడ చమురుతో బయలుదేరింది. మనందరి వీసాలకు మూలపురుషుడు ఆ ఓడే అనుకోవచ్చు. కాబట్టి చమురును తిట్టడానికి నేను కూర్చోలేదు. దాని ఉప్పు తింటున్నాను.

ఇక అసలు విషయం. చమురు రంగంలో ఉన్న మన ఇంజనీర్లు, సేఫ్టీ ఆఫీసర్లు ఎక్కడ కూర్చున్నా ఒక మాట అంటుంటారు. "1991లో అంత చమురు పడితేనే పగడాలకు ఏమీ కాలేదు, ఇప్పుడీ చిన్న చిన్న తెట్లకు ఏమవుతుంది?" నాతో ఈ మాట అన్నవాళ్ళు మూర్ఖులు కారు. చదువుకున్నవాళ్ళు, కొందరు నాకన్నా ఎక్కువే చదువుకున్నారు. అందుకే ఈ మాటకు జవాబు చెప్పాలి.

వాళ్ళు చెప్పే సంఘటన నిజం. 1991 జనవరిలో, కువైట్ యుద్ధంలో, ఇరాక్ సేనలు చమురును సముద్రంలోకి వదిలాయి. ఎంత అన్నదాని మీద ఇప్పటికీ ఒక మాట లేదు. 40 లక్షల బారెళ్ళన్నవారున్నారు, ఒక కోటీ 10 లక్షలన్నవారున్నారు. సౌదీ తీరం వందల కిలోమీటర్లు నల్లబడింది, మడ అడవులు, ఉప్పు చిత్తడులు, పీతల బొరియలు అన్నీ తారు పట్టాయి. ఆ తర్వాతి ఏళ్ళలో శాస్త్రవేత్తలు మునిగి చూసి, పగడపు దిబ్బలకు పెద్ద దెబ్బ తగిలినట్టు కనబడలేదని రాశారు. ఇదీ నిజమే. దిబ్బలు పోటు పాటుల గీత కింద, నీటిలో మునిగి ఉంటాయి. చమురు పైన తేలి వెళ్ళిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోట చంపింది, పైనుంచి దాటిన చోట చాలావరకు వదిలేసింది.

నా ప్రశ్న ఒకటే. వాళ్ళు చూసింది ఏమిటి? నిలబడి ఉన్న పెద్ద పగడాలను. ఒక ఊరు అంటువ్యాధి తట్టుకుందో లేదో తెలుసుకోవడానికి వెళ్ళి, అరుగుల మీద ముసలివాళ్ళు కూర్చునే ఉన్నారు కాబట్టి అంతా క్షేమం అని రాసుకుని వచ్చినట్టుంది. ఆ ఏడు ఊళ్ళో ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికారు అని ఎవరైనా అడిగారా?

పగడం ఎలా పుడుతుందో తెలిస్తే గానీ ఈ ప్రశ్న బరువు తెలియదు. చాలా జాతులు ఏడాదికి ఒక్కసారే, కొన్ని రాత్రులు మాత్రమే, అండాలూ బీజకణాలూ కలిపిన చిన్న చిన్న ముద్దలను నీటిలోకి వదులుతాయి. అబుధాబి, దుబాయి తీరాల్లో కొమ్మ పగడాలకు అది ఏప్రిల్, మే నెలల్లో, పున్నమి చుట్టుపక్కల జరుగుతుంది. మన పంచాంగంలో చూస్తే చైత్ర పున్నమో, వైశాఖ పున్నమో. ఆ అండాల నిండా కొవ్వు. కొవ్వు కాబట్టి తేలతాయి, తిన్నగా నీటి పైపొరకు వస్తాయి. అక్కడే ముద్దలు విడిపోతాయి, అక్కడే ఫలదీకరణం. కొన్ని రోజులు చిన్న గింజలాంటి లార్వాగా ఈది, దిగువకు వెళ్ళి, నచ్చిన రాయి వెతుక్కుని అంటుకుంటుంది. ఒకసారి అంటుకున్నాక ఇక కదలదు. రూపం మారి బుల్లి పాలిప్ అవుతుంది. దిబ్బ మొత్తం ఇలా అంటుకున్న గింజల సంతానమే.

చమురు ఎక్కడ తేలుతుంది? ఆ పైపొరలోనే. చమురులోని విషపదార్థాలు నీటిలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి. అంటే ముసలి పగడం నీటి అడుగున సురక్షితంగా ఉన్న ఆ రాత్రే దాని పిల్లలు తెట్టు మధ్యకు నడిచి వెళుతున్నాయి. 1991 కథతో ధైర్యం చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతున్నారు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఎర్రసముద్రం ఒడ్డున ఇలాత్ ఓడరేవులో చమురు టెర్మినళ్ళ పక్కనున్న దిబ్బను యోసీ లోయా, బరూక్ రింకెవిచ్ అనే ఇద్దరు 1970లలో పరిశీలించారు. చమురు అదేపనిగా తగిలే చోట పగడాలు బతికే ఉన్నాయి. కానీ వాటిలో పిల్లల్ని కనేవి తక్కువ, కన్నా కొద్ది లార్వాలే. పైగా చమురు తగిలిన పగడాలు నోళ్ళు తెరిచి, ఇంకా ఎదగని లార్వాలను ముందే బయటికి తోసేశాయి. 1979లో వాళ్ళు ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే గర్భస్రావం అనే మాట వాడారు. శాస్త్రవేత్తలు ఇలాంటి మాట ఊరికే వాడరు.

పనామాలో 1986లో రిఫైనరీ ట్యాంకు పగిలి 80 లక్షల లీటర్లకు తక్కువ కాకుండా ముడి చమురు తీరంలోకి పోయింది. కొన్నేళ్ళ తర్వాత కూడా, చమురు బురదలో కలిసి ఊరుతూనే ఉన్న చోట, బతికి బయటపడ్డ పగడాల అండాశయాలు చిన్నవైపోయి ఉన్నాయని తేలింది. పైకి చూస్తే పగడం బాగానే ఉంది. లోపల సంతతి తగ్గిపోయింది.

ఇప్పుడు మందు సంగతి. తెట్టు కనబడగానే పై అధికారులకు మొదట గుర్తొచ్చేది డిస్పర్సెంట్. గిన్నెలు తోమే సబ్బు జిడ్డును విడగొట్టినట్టే ఇది చమురును సన్నని బొట్లుగా చీల్చి నీటిలోకి దింపుతుంది. తెట్టు మాయమవుతుంది, ఫొటోలో నీలి నీరు వస్తుంది. ఒడ్డున పక్షులను, మడ అడవులను కాపాడటానికి ఒక్కోసారి ఇది తప్పకపోవచ్చు, కాదనను. కానీ 2000లో ఆస్ట్రేలియాలో నెగ్రి, హేవార్డ్ కొమ్మ పగడం లార్వాల మీద చేసిన పరీక్షల్లో తేలింది ఏమంటే, ఫలదీకరణ కన్నా లార్వా రాయికి అంటుకుని రూపం మారే ఘట్టం ముడి చమురుకు త్వరగా దెబ్బతింటుంది. చమురు ఒక్కటే ఉన్నా అది ఆగిపోతుంది, మందు ఒక్కటే ఉన్నా ఆగిపోతుంది, రెండూ కలిస్తే దెబ్బ ఇంకా పెద్దది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి పేలినప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల మందు వాడారు. తర్వాత ఫ్లోరిడాలో ఆ బావి చమురునూ ఆ మందునూ పగడపు లార్వాల మీద పరీక్షించిన బృందం 2013లో ఇలాంటి ఫలితాలనే ప్రచురించింది.

ఇంకొకటి, మన గల్ఫ్‌కు బాగా వర్తించేది. చమురులోని కొన్ని పదార్థాలు లార్వా ఒంట్లో చేరాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే వాటి విషం పెరుగుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లోనూ 2018లోనూ దీన్ని చూపించారు. దీపాల కింద, గది లోపల చేసిన పాత పరీక్షలు చమురు విషాన్ని తక్కువగా చూపాయన్నమాట. మరి ఏప్రిల్, మే నెలల్లో అబుధాబి ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇదంతా పుస్తకం చూసి చెబుతున్నానని అనుకోవద్దు. నేను చేసిన పని కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కింద ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ విభాగంలో ఉండేవాణ్ణి. పేరు అనవసరం, ఆ కంపెనీ ఒక్కటే ప్రత్యేకంగా చెడ్డది కాదు. సప్లై బోటుకు డీజిల్ నింపుతుంటే గొట్టం ఊడింది. ఎంత పోయిందో ఎవరూ కొలవలేదు. నీటి మీద రంగురంగుల పొర పరుచుకుంది. చిన్న బోటును ఆ పొర మీద అటూ ఇటూ తిప్పించి, ప్రొపెల్లర్‌తో చిలికించాం. సాయంత్రానికి పొర లేదు. ఫారంలో ఒక గడి ఉంటుంది, 'సముద్ర జీవులపై కనిపించిన ప్రభావం' అని. చచ్చిన చేప ఒక్కటీ కనబడలేదు. 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాయలేదు, కనిపించలేదు కాబట్టి. అది ఏప్రిల్ నెల. రాత్రి బోటు డెక్కు మీద పడుకుంటే వెన్నెల ఎంత బాగుందో ఇంటికి ఫోనులో చెప్పుకున్నాను కూడా. ఆ వెన్నెలకూ ఆ ఫారానికీ సంబంధం ఉందని చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

నాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండినప్పుడు ఆ వెలుగు చూసినవాణ్ణి. మంట, పొగ కనిపిస్తాయి కాబట్టి మంత్రులు వస్తారు, పేపర్లు రాస్తాయి. కనిపించకుండా జరిగేదానికి ఎవరూ రారు.

ఇక్కడ తెలివైనవాళ్ళు అడ్డు తగులుతారు. "గల్ఫ్ పగడాలను చంపుతున్నది చమురు కాదయ్యా, వేడి." ఒప్పుకుంటాను. ఇక్కడి సముద్రం సగటున 35 మీటర్ల లోతే. వేసవిలో తీరం నీరు 35 డిగ్రీలు దాటుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత వేడి నీటిలో దిబ్బలు బతకవంటారు. 1996లో, 1998లో, మళ్ళీ 2017లో పగడాలు తెల్లబడి చచ్చాయి. 2017 ఒక్క దెబ్బకే అబుధాబిలో మూడింట రెండు వంతులు పోయాయని తర్వాత లెక్క తేల్చారు. చమురు వల్ల ఈ మోతాదులో చావు ఇక్కడ జరగలేదు.

సరే, ఆ మూడింట రెండు వంతులూ మళ్ళీ ఎలా రావాలి? మిగిలిన పెద్ద పగడాలు విడిచే గింజలే రావాలి, తేలాలి, ఈదాలి, అంటుకోవాలి. ఇల్లు కాలినవాడికి విత్తనాల గాదె ఎంత ముఖ్యమో, వేడికి కాలిన దిబ్బకు లార్వాలు అంత ముఖ్యం. నిప్పు పెట్టింది వేరేవాడు కాబట్టి గాదెలో కిరసనాయిలు పోసినా ఫరవాలేదని వాదించేవారికి నేనేం చెప్పను? నూటికి తొంభై పగడాలున్న కాలంలో ఒక ఏడాది పిల్లలు పోయినా సముద్రం ఓర్చుకునేది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు.

ఇక మొక్కలు నాటే కార్యక్రమం. 2021లో అబుధాబి పర్యావరణ సంస్థ పది లక్షలకు పైగా పగడపు ముక్కలు పెంచి నాటే పథకం మొదలుపెట్టింది. మంచి పని. ఖలీఫా పోర్టు కట్టేటప్పుడు రస్ గనాదా దిబ్బను కాపాడటానికి 8 కిలోమీటర్ల అడ్డుగోడ కట్టారు, అదీ మంచి పనే. మన దగ్గర కోట్లకు కోట్లు ఖర్చు పెట్టి కాగితం మీద కూడా ఇంత చేయరు. అయితే కడియం నర్సరీలు చూసిన ప్రతి గోదావరివాడికీ తెలిసిన సంగతి ఒకటుంది, అంటుమొక్క వేరు, విత్తు మొలక వేరు. ముక్క విరిచి నాటితే అదే తల్లి మళ్ళీ వస్తుంది. ఆ తల్లి ఓర్చుకోలేని వేడిని అదీ ఓర్చుకోలేదు. ఇంకాస్త ఓర్పున్న కొత్త రకం రావాలంటే రెండు పగడాల బీజాలు నీటిలో కలవాలి. వేల లక్షల పిల్లల్లో ఏదో ఒకటి తట్టుకుని నిలబడాలి. పగటిపూట ముక్కలు నాటి ఫొటోలు దిగి, ఆ వారమే పక్కనున్న నీటిలో డీజిల్ చిలికితే నాటిన ముక్క బతకవచ్చు, కానీ ఆ ఏటి పిల్లలు ఉండవు.

చట్టం లేదా అంటే ఉంది. దాని చరిత్ర చూడండి. ఓడల కాలుష్యం మీద అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందం 1973లో రాసినప్పుడే గల్ఫ్‌ను ప్రత్యేక ప్రాంతంగా పేర్కొన్నారు. మూసిన సముద్రం, హోర్ముజ్ సందు తప్ప దారి లేదు, నీరు మారడానికి ఏళ్ళు పడుతుంది, కాబట్టి ట్యాంకర్లు ఇక్కడ చమురు కడుగు నీళ్ళు వదలకూడదని. కానీ ఆ కడుగు నీళ్ళను తీసుకునే ఏర్పాట్లు రేవుల్లో ఉండాలన్నది షరతు. ఆ షరతు తీరి నిబంధన పూర్తిగా అమలులోకి వచ్చింది ఎప్పుడో తెలుసా? 2008 ఆగస్టు 1న. ముప్పై అయిదేళ్ళు. ముప్పై అయిదు చైత్ర పున్నములు. ఈ మధ్యలోనే, 2001 ఏప్రిల్‌లో, ఇరాక్ నుంచి దొంగచాటుగా చమురు తెస్తున్న 'జైనబ్' అనే ఓడ ఎమిరేట్స్ తీరానికి దగ్గర్లో మునిగింది. షార్జాలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు ఆపవలసి వచ్చింది. జనానికి నీళ్ళు ఆగాయి కాబట్టి అది వార్త అయింది. నెల ఏప్రిల్ అన్నది ఎవరికీ తట్టినట్టు లేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇక్కడికి వచ్చాను. మన గదిలో కుళాయి తిప్పితే వచ్చేది ఆ సముద్రమే. ఉప్పు తీసి, గొట్టాల్లో పంపిన సముద్రం. అబుధాబికి నీళ్ళిచ్చే తవీలా ప్లాంటు రస్ గనాదా దిబ్బకు పక్కనే ఉంది. ఇంకొకటి, రాత్రి పూట ట్యాంకు కడిగే గొట్టం పట్టుకునేది ఎవడు? కెప్టెనా? మనవాడే, పక్క గదిలోని బెంగాలీ, నేపాలీ. పైనుంచి 'వదిలెయ్' అని నోటిమాట వస్తుంది, పట్టుబడితే కాగితం మీద వాడి పేరు ఉంటుంది, టికెట్టు వాడికి తెగుతుంది. ఎండకు కూలిన మన పిల్లవాడి కాగితం మీద 'గుండె ఆగి మరణం' అని రాసి, ఆ రోజు ఎండ ఎంతో రాయడానికి గడి లేని ఫారం ఏదైతే ఉందో, దాని అన్నదమ్ముడే నేను సంతకం పెట్టిన ఫారం. నేను ఆ ఫారాలతో పోట్లాడుతున్నాను. అది జీతాల పోరాటానికి దూరం కాదు.

ఇది గల్ఫ్‌తో ఆగేది కూడా కాదు. మన అచ్యుతాపురం పక్క పూడిమడక దగ్గర సముద్రంలో పగడాలున్నాయని జూలాజికల్ సర్వే వాళ్ళూ స్కూబా డైవర్లూ కొన్నేళ్ళ కింద గుర్తించారు. విశాఖ నుంచి కాకినాడ దాకా పెట్రోలియం, రసాయనాల కారిడార్ అని 2009లో కేంద్రం ఆమోదించింది కూడా ఆ తీరానికే. ఇక్కడ ముప్పై ఏళ్ళు పనిచేసి వెళ్ళిన మనవాళ్ళే రేపు అక్కడ పర్యావరణ నివేదికలు రాస్తారు. "1991లో ఏమీ కాలేదు" అన్న మాట ఇక్కడి నుంచి సామానుతో పాటు అక్కడికీ వెళుతుంది. అందుకే ఆ మాటను ఇక్కడే ఆపాలని నా ఆరాటం.

అడిగేది ఆకాశంలో చందమామ కాదు. ఏప్రిల్, మే పున్నములకు అటూ ఇటూ వారం పది రోజులు దిబ్బల దగ్గర బోట్లకు డీజిల్ నింపే పని, తవ్వకం పని ఆపమనండి. ఏడాదిలో ఇరవై, ముప్పై రోజులు. రంజాన్‌కు పని గంటలు మార్చుకోగలిగినవాళ్ళు, వేసవిలో మధ్యాహ్నం పని నిషేధం పాటించగలిగినవాళ్ళు దీన్నీ పాటించగలరు. ఆ రోజుల్లో పగడాలున్న నీటిపైన మందు చల్లాలంటే ఎవరు అనుమతించారో పేరుతో రాయమనండి. ప్రమాదం జరిగాక మునిగి చూసేవాళ్ళు పెద్ద పగడాలను మాత్రమే లెక్కపెట్టి రాకుండా, ముందే నీళ్ళలో పలకలు కట్టి, ఆ ఏడు వాటి మీద ఎన్ని పిల్లలు అంటుకున్నాయో చూడమనండి. ఈ పద్ధతి కొత్తదేం కాదు, దుబాయి తీరంలోనే పరిశోధకులు చేసి చూపించారు. ఖర్చు కూడా పెద్దది కాదు, ఒక డైరెక్టరుగారి విందు ఖర్చులో అయిపోతుంది.

బోట్ల మీద, రిగ్గుల మీద, దీవుల మీద పనిచేస్తున్న మిత్రులు ఒక పని చేయండి. మీ దగ్గర చమురు ఒలికితే ఏం చేయాలో చెప్పే ప్లాను ఒకటి ఉంటుంది, చాలామంది సంతకం పెట్టి బీరువాలో పడేసి ఉంటారు. దాన్ని తీసి, పగడాలు గుడ్లు విడిచే నెలల ప్రస్తావన ఒక్క లైనైనా ఉందేమో చూసి, ఉంది, లేదు, రెండింటిలో ఒక్క ముక్క రాసి పంపండి. మీ పేరు వద్దు, కంపెనీ పేరు వద్దు, దీవి పేరు కూడా వద్దు. వైశాఖ పున్నమి లోపల పంపితే మేలు.